బుడ్డోడికి తొంభై డిగ్రీలు

జనవరి 6

తాతయ్యా,

ఫోన్‌లో "ఆఁ? ఆఁ?" అనడం తప్ప నీకు ఒక్క ముక్కా వినపడటం లేదని అమ్మ చెప్పింది. చెవి పక్కన పిస్తోలు పేల్చి అన్నేళ్ళు పరుగుపందేలు మొదలుపెట్టించినవాడికి ఆ మాత్రం చెవుడు రాకపోతే పిస్తోలుకే అవమానం. అందుకే కాగితం పట్టాను. నా అక్షరాలు చూసి తిట్టకు, పరీక్షల తర్వాత చేత్తో రాయడం ఇదే మొదటిసారి.

నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. కంప్యూటర్ లోపల లెక్కలన్నీ చేసే చిప్ ఒకటి ఉంటుంది, ప్రాసెసర్ అంటారు. దాన్ని చల్లబరచడం నా పని. నవ్వకు. గోరంత ముక్కలో కోట్లాది బుల్లి స్విచ్చులుంటాయి. అవి కన్ను మూసి తెరిచేలోగా లెక్కలేనన్ని సార్లు పడిలేస్తాయి. పడిలేచినప్పుడల్లా కాస్త వేడి. ఆ గోరంత చోట పుట్టే వేడి, ఆ చోటుతో పోల్చి చూస్తే, పొయ్యి మీది పెనాన్ని మించిపోతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసి అవతల పారెయ్యకపోతే చిప్ మాడి మసైపోతుంది. ఆ పారేసేదాన్ని నేను. నీ స్నేహితులు అడిగితే "మా మనవరాలు విసనకర్ర ఉద్యోగం చేస్తోంది" అని చెప్పు.

మొదటి కాగితం అయిపోయింది, రెండోది తీస్తున్నాను.

మావాడి పేరు బుడ్డోడు. జట్టంతా అలాగే పిలుస్తాం. ఎంత వేగం అనుకున్నావు! అంత వేగం నేనెక్కడా చూడలేదు. కానీ ఉరికించిన కొద్దీ ఒళ్ళు కాలిపోతుంది. తొంభై డిగ్రీలు దాటాడంటే తనంతట తనే వేగం తగ్గించేస్తాడు. బలవంతపెడితే మూర్ఛపోతాడు. వచ్చే మార్చిలో జనం ముందు బుడ్డోడి చేత ఇంతవరకు ఎవరూ అందుకోని వేగంతో పరుగు తీయిస్తానని మా పెద్దసారు ఊరంతా చాటేశాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుంది మా సంగతి. అది జరగకపోతే మా జట్టునే ఎత్తేస్తారట. వాడి ఒంట్లో వేడి చూసే బాధ్యత నాది కాబట్టి తప్పు ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా?

నువ్వు జీవితమంతా పరుగు నేర్పావు. ఒక మనిషికి ఇక ఇంతకన్నా వేగం రాదని నీకెలా తెలిసేది? తెలిశాక ఎవరికి చెప్పేవాడివి?

నీ పిట్ట


జనవరి 14

పిట్టా,

నీ చెవిలో గట్టిగా అరిచిన దీవెన ఇది, అందుకో.

నీ ఉత్తరం చూసిన సంబరంలో టీ కప్పు తన్నేశాను. మొదటి కాగితం మొత్తం తడిసి ముద్దయింది. "ఉద్యోగం", "నవ్వకు" అన్న రెండు మాటలు మిగిలాయి. పరవాలేదు, రెండో కాగితం పొడిగా ఉంది. అసలు విషయమంతా అందులోనే ఉందిగా!

తల్లీ, నువ్వు పరుగు శిక్షణలో చేరావా! మీ అమ్మ నిన్ను కంప్యూటర్ల వైపు తోలినప్పుడే అనుకున్నాను, రక్తం ఊరుకోదని. ఆ కాగితం పట్టుకుని మైదానమంతా తిరిగాను. "నా మనవరాలు కుర్రాడిని తయారుచేస్తోంది" అని గడ్డి కోసేవాడితో సహా అందరికీ చెప్పాను.

కానీ నీ థర్మామీటర్ పారెయ్యి. ఎదురు వాటాలో ఉండే నర్సుగారికి చూపించాను. ఈమధ్యే రిటైరైంది, ఎవరి చెయ్యి దొరుకుతుందా, నాడి చూద్దామా అని తిరుగుతూ ఉంటుంది. రోజూ పొద్దున్నే మైదానంలో నా చెయ్యి పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. నీ కాగితం చదివి ఆవిడ కంగారుపడిపోయింది.

"తొంభై డిగ్రీలా? మామూలు ఒంటికి తొంభై ఎనిమిది ఉండాలి. ఆ అబ్బాయి చల్లబడిపోతున్నాడండీ! ముందు దుప్పటి కప్పమనండి!"

కాబట్టి అమ్మడూ, దుప్పటి కప్పు. గోరువెచ్చని నీళ్ళు తాగించు. మూర్ఛపోయేదాకా ఉరికించేది శిక్షణ కాదు, శిక్ష. నీ ప్రశ్నకు జవాబు తీరిగ్గా రాస్తాను, ముందు కుర్రాడి సంగతి చూడు. వాడికి తల్లిదండ్రులున్నారా? తిండి సరిగ్గా తింటున్నాడా?

తాతయ్య


జనవరి 22

తాతయ్యా,

నీ ఉత్తరం భోజనాల గదిలో బిగ్గరగా చదివాను. "దుప్పటి కప్పు" దగ్గరికి వచ్చేసరికి మా జట్టు పడీపడీ నవ్వింది. సోల్డరింగ్ చేసే ఆవిడకి పొలమారి, వీపు చరచాల్సి వచ్చింది. డెబ్భై దాటాక నీకు ఇంత వెటకారం ఎక్కడి నుంచి వచ్చింది? "తిండి సరిగ్గా తింటున్నాడా" అన్న మాట కాగితం మీద పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించాం. తింటున్నాడు తాతయ్యా, కరెంటు బకెట్లకొద్దీ తాగేస్తున్నాడు!

దుప్పటి కాదు కానీ, నిన్నటి నుంచి వాడి నెత్తిన ద్రవ నైట్రోజన్ పోస్తున్నాం. మైనస్ నూట తొంభై ఆరు డిగ్రీలు! పొయ్యగానే తెల్లటి పొగ గదంతా కమ్మేసింది. బుడ్డోడు ఒక్కసారిగా రెచ్చిపోయాడు. నేను కుర్చీ ఎక్కి గంతులేశాను. అంతలో "టుప్" మని చప్పుడు. పోయాడు. మంచు కరిగి నీళ్ళు కారి లోపలికి వెళ్ళిపోయాయి. కాసేపు బాధేసింది కానీ పరవాలేదు, పెట్టెలో అచ్చం వాడిలాంటివాళ్ళు ఇంకా పదిహేనుమంది ఉన్నారు. మధ్యాహ్నానికల్లా ఇంకోడిని తీసి బిగించేశాం, వాడి పేరూ బుడ్డోడే.

ఇక నీ సంగతికి వద్దాం. "చెయ్యి పట్టుకుంటే ఓ పట్టాన వదలదు" అంటే ఏమిటి? అమ్మ కూడా ఫోన్ చేసింది. నువ్వు తెల్లారకముందే కొత్త బూట్లేసుకుని పిల్లిలా మెట్లు దిగుతున్నావట, వచ్చేటప్పుడు ముసిముసిగా నవ్వుకుంటున్నావట, "ఎక్కడికి నాన్నా" అంటే చెవుడు నటిస్తున్నావట. ఏదైనా ఉంటే నాతో చెప్పు, నేను నీ పక్షమే.

నీ పిట్ట


జనవరి 30

అమ్మాయీ,

పిట్టా అని పిలవడానికి నాకు నోరు రావడం లేదు.

పోయాడా? పోతే పరవాలేదా? పదిహేనుమందిని పెట్టెలో పెట్టారా? వెటకారం నాది కాదు తల్లీ, నీది! నర్సుగారు ఉత్తరం చదువుతూ చదువుతూ కుర్చీలో కూలబడింది. "మైనస్ నూట తొంభై ఆరు" అన్న చోట వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. నేను నా దగ్గర నేర్చుకున్న పిల్లల మీద కేకలేశాను, ఒప్పుకుంటాను. ఒకడిని బురదలో ఉరికించాను, అదీ ఒప్పుకుంటాను. కానీ పిల్లవాడు పోయిన మధ్యాహ్నమే ఇంకోడిని "తీసి బిగించడం" ఏమిటి? వీళ్ళు మనుషులా, బల్బులా?

నేనూ నర్సుగారూ వచ్చే శనివారం బస్సెక్కి వస్తున్నాం. ఆవిడ తన మందుల పెట్టె తెస్తోంది. నేను నా పిస్తోలు తెస్తున్నాను. అది చప్పుడే చేస్తుంది కానీ మీ పెద్దసారుకి ఆ సంగతి తెలియదుగా. మిగిలినవాళ్ళను ఆ పెట్టెలోంచి బయటికి తీసి, ఒక్కొక్కడికీ దుప్పటి కప్పి, వాళ్ళ వాళ్ళ ఇళ్ళకు పంపేదాకా కదలం.

నర్సుగారి విషయం అడిగావు. మీ అమ్మ చెవిన వెయ్యనంటే చెప్తాను. మేమిద్దరం మార్చి కోసం తయారవుతున్నాం. అందరి ముందూ ఒకేసారి బయటపెడదామని అనుకున్నాం. ఈ వయసులో ఇదేం పిచ్చి అని నలుగురూ అంటారు, అననీ. గుండె ఒప్పుకుంటే చాలు, మిగతాది కాళ్ళు చూసుకుంటాయి.

కోపంతో,
నీ తాతయ్య


ఫిబ్రవరి 2

తాతయ్యా, బస్సెక్కకు!

పిస్తోలు అసలే తీసుకురాకు, గేటు దగ్గర గోరు కత్తెర కూడా లోపలికి రానివ్వరు. ఈ ఉత్తరం అర్జెంటు తపాలాలో వేశాను. దేవుడా, తడిసిన ఆ మొదటి కాగితంలోనే రాశాను కదా!

ఈ కవర్లో దూదిలో చుట్టిన ముక్క ఒకటి ఉంది, తీసి అరచేతిలో పెట్టుకో. వీడే బుడ్డోడు. మొన్న పోయింది వీడే. కంప్యూటర్ చిప్! తల్లీ లేదు, తండ్రీ లేడు, దుప్పటి అసలే వద్దు. తొంభై డిగ్రీలంటే ఒంటి జ్వరం కొలిచే డిగ్రీలు కాదు, నీళ్ళు మరగడానికి కాస్త ముందు వచ్చే వేడి. మిగతా పద్నాలుగుమందీ అట్టపెట్టెలో హాయిగా పడుకుని ఉన్నారు, నర్సుగారికి చెప్పు.

వేగం పెంచాలంటే వీడికి కరెంటు ఒత్తిడి కూడా పెంచాలి. అప్పుడు వేగం కొంచెం పెరిగితే వేడి బోలెడు పెరుగుతుంది. చల్లబరుస్తూ పోతే కొంతదూరం నెట్టుకురావచ్చు. ఆ తర్వాత ఇంకో గొడవ. వీడు చిటికెకో అడుగు చొప్పున లెక్క చేస్తాడు, చిటిక వేసే ప్రతిసారీ కరెంటు మోసే కబురు ఈ చివర నుంచి ఆ చివరకు అందాలి. చిటికెలు మరీ దగ్గరపడితే, వెలుతురంత జోరుగా పోయే కబురు కూడా దారిలోనే ఉండిపోతుంది. అంతకుమించి పరిగెత్తే కబురు ఈ లోకంలో లేదు తాతయ్యా. పెద్దసారు చాటిన వేగాన్ని వీడు ఒక్క తుమ్ముసేపు అందుకుంటాడేమో. దాని మీద నిలబడటం మాత్రం వీడి వల్ల కాదు. నాకు తెలుసు. ఆయనకు చెప్పడానికే గొంతు పెగలడం లేదు.

ఇక నీ మార్చి ముహూర్తం! శుభం తాతయ్యా! అమ్మ చెవిన వెయ్యొద్దన్నావు, నేను వేసేశాను. మొదట ఏడ్చింది. తర్వాత "ఆవిడ మంచిదే, మెట్ల మీద ఎదురైతే నవ్వుతుంది" అంది. ఆ తర్వాత కొత్త బట్టలు కొనుక్కోవడానికి బయల్దేరింది. నర్సుగారిని నేను అమ్మమ్మా అని పిలవాలా? ఆవిడకు ఇష్టమేనా?

ఎగిరి గంతేస్తూ,
నీ పిట్ట


ఫిబ్రవరి 11

పిట్టా, ఓ పిట్టా,

నవ్వి నవ్వి నాకు పక్కటెముకలు పట్టేశాయి. నీ కవరు శనివారం పొద్దున్నే వచ్చింది. అప్పటికే మేం మెట్లు దిగుతున్నాం, ఆవిడ చంకన ఎనిమిది దుప్పట్లు, నా చంకన ఏడు. కవరు విప్పి బుడ్డోడిని అరచేతిలో పెట్టుకుని ఇద్దరం మెట్ల మీదే చతికిలబడ్డాం. "వీడికా నేను గోరువెచ్చని నీళ్ళు తాగించమంది!" అని ఆవిడకు ఎక్కిళ్ళు వచ్చాయి. ఇప్పుడు వాడు నా అలమారలో, పందేల్లో గెలిచిన కప్పుల పక్కన ఉన్నాడు. పందెంలో పోయినవాడికి ఆ మాత్రం మర్యాద చెయ్యాలి.

కానీ పెళ్ళేమిటే? ఎవరికి, ఎవరితో? మార్చిలో డెబ్భై దాటినవాళ్ళకు వంద మీటర్ల పరుగుపందెం పెడుతున్నారు. నేను పేరిచ్చాను. మీ అమ్మకు తెలిస్తే బూట్లు దాచేస్తుందని దొంగచాటుగా పొద్దున్నే వెళ్తున్నాను. గుండెకు చిన్న మరమ్మతు అయింది కదా, అందుకే నర్సుగారు పక్కనుండి నాడి చూస్తోంది. అంతే! ఇప్పుడు మీ అమ్మ ఎదురైనప్పుడల్లా ఆవిడ భుజం నిమిరి "మా నాన్న మొండివాడు, మీరే ఓర్చుకోవాలి" అంటోందట. నీ ఉత్తరంలోని "అమ్మమ్మ" ముక్క ఆవిడకు చదివి వినిపించాను. మళ్ళీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆపేసి, కిటికీ వైపు తిరిగి తలుపు సరిగ్గా పడలేదంది. ఆ తలుపు సరిగ్గానే పడి ఉంది.

ఇక నీ ప్రశ్న. నా దగ్గర ఒకమ్మాయి ఉండేది, చిరుత. ఒక దశ వరకు నెల నెలా వేగం పెరిగింది. ఆ తర్వాత ఎంత సాధన చేయించినా వెంట్రుకవాసి కూడా కదల్లేదు. బాగా పరిగెత్తిన రోజునే ముఖం వాడిపోయేది. అక్కడ తెలిసిపోతుంది పిట్టా. వాళ్ళ నాన్నతో "ఇంతేనండీ, ఇది చాలా గొప్ప 'ఇంతే'" అన్నాను. ఆయన నాతో మాట మానేశాడు. మానెయ్యనీ, ఆ పిల్ల మోకాళ్ళు మిగిలాయి. మీ పెద్దసారుకి చెప్పు. పగలు చెప్పు, నలుగురి ముందు కాదు, గదిలో చెప్పు. గొంతు పెగలకపోతే దగ్గి మొదలుపెట్టు.

తాతయ్య


ఫిబ్రవరి 20

తాతయ్యా,

దగ్గి మొదలుపెట్టాను. ఆయన నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. ఆ గ్లాసు ఖాళీ చేసి మొత్తం చెప్పేశాను. బుడ్డోడు ఆ వేగంలో నిలవడనీ, నేను ఎంత చల్లబరిచినా నిలవడనీ, దీనికి చేతకానితనం కారణం కాదనీ, సృష్టిలోనే దారి అక్కడి దాకానే ఉందనీ. ఆయన కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగాడు.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు ముందే చాటేశారు సార్."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన ఫక్కున నవ్వాడు. "అయితే జనానికి ఏం చూపిద్దాం?" అన్నాడు. నా దగ్గర ఒక ఆలోచన ఉంది. అది ఒప్పుకుంటాడో లేదో రేపు తెలుస్తుంది.

నీ సంగతే నాకు ఇప్పుడు నిద్ర పట్టనివ్వడం లేదు. డెబ్భై దాటి, మరమ్మతు చేసిన గుండెతో వంద మీటర్లా? బుడ్డోడికి ఉన్న బుద్ధి నీకుందా? వేడెక్కితే వాడు తనంతట తనే తగ్గుతాడు. నువ్వు తగ్గుతావా? నీ గురించి నాకు తెలియదా, పక్కవాడు ముందుకెళ్తే నీకు చెవుడుతో పాటు గుడ్డితనం కూడా వస్తుంది. పరిగెత్తొద్దనను. కానీ ఛాతీ పట్టేసినట్టుంటే ఆగిపోతానని మాటియ్యి. మాట ఇవ్వకపోతే అమ్మకు ఫోన్ చేస్తాను, బూట్లు ఎక్కడ దాస్తావో నాకు తెలుసు.

భయంగా,
నీ పిట్ట


మార్చి 9

తాతయ్యా! తాతయ్యా!

అక్షరాలు గంతులేస్తున్నాయి, చూసుకుని చదువు.

హాలు నిండిపోయింది. నా ఆలోచన ప్రకారం రెండు బల్లలు వేశాం. ఒక బల్ల మీద బుడ్డోడు ఒక్కడే, నెత్తిన నైట్రోజన్ గిన్నెతో. రెండో బల్ల మీద వాడి తమ్ముళ్ళు ఎనిమిదిమంది, మామూలు నడకలో, మామూలు ఫ్యాన్ గాలికి. రెండు బల్లలకీ ఒకటే పని. హాల్లో కూర్చున్న వందలమంది ముఖాలను ఫోటోలు తీసి, అన్నీ కలిపి ఒక పెద్ద బొమ్మ చెయ్యాలి.

పెద్దసారు మైకు నా చేతికిచ్చేశాడు. నన్నెవరూ హెచ్చరించలేదు! దగ్గాను. జనం నవ్వారు. అంతే, భయం పోయింది.

నైట్రోజన్ పోశాను. పొగ బల్ల మీద నుంచి జారి మొదటి వరుసను మింగేసింది. అందులో పెద్దసారు మాయమైపోయాడు, కాసేపు స్తంభానికి నమస్కారం పెట్టి "అందరికీ స్వాగతం" అన్నాడు. తెర మీద అంకె ఎక్కుతోంది, ఎక్కుతోంది, జనం లేచి నిలబడ్డారు. అందుకున్నాడు తాతయ్యా! సార్ చాటిన అంకె! హాలంతా ఈలలు. నేను సరిగ్గా ఒక్క గంతు వేశాను. కాలు నేలకు తగిలేలోగా "టుప్".

నేను మైకులో అన్నాను, "అదండీ వేగానికి అడ్డుగోడ. దాన్ని ఇంతకుముందు ఎవరూ ముట్టుకోలేదు." అప్పుడు రెండో బల్ల మీది తెర వెలిగింది. ఎనిమిదిమంది తమ్ముళ్ళూ తలా కాస్త పని పంచుకుని బొమ్మ పూర్తి చేశారు. తెర నిండా నోళ్ళు తెరుచుకున్న వందల ముఖాలు! తమ ముఖం తాము వెతుక్కుంటూ జనం కేకలేశారు. ఒక ముసలాయన "నేను! నేను!" అంటూ కుర్చీ ఎక్కాడు.

జట్టును ఎత్తెయ్యడం లేదు. ఒక్కడిని ఉరికించడం మాని, ఎక్కువమందిని చల్లగా నడిపించే పని మాకే ఇచ్చారు. వచ్చే వారం నుంచి దానికి పెద్దని నేను!

నీ పందెం రేపే కదా? నువ్వింకా మాట ఇవ్వలేదు. ఈ ఉత్తరం నీకు ఆ తర్వాతే అందుతుంది. ఈపాటికి ఏం జరిగిందో ఏమో. వెంటనే రాయి.

నీ పిట్ట


మార్చి 13

పిట్టా,

బతికే ఉన్నాను. ఇంతకుముందు ఎప్పుడైనా ఇంతలా బతికానా అన్నది అనుమానం.

నీ ఉత్తరం నిన్న మైదానంలోనే చదివాను. స్తంభానికి స్వాగతం చెప్పిన చోట గడ్డి కోసేవాడి భుజం పట్టుకుని నవ్వాను. పెద్దవయ్యావు తల్లీ. ఉద్యోగం పెద్ద అయినందుకు అనడం లేదు, దగ్గినందుకు అంటున్నాను.

నా పందెంలో ఐదుగురం. పక్క గీతలో బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరైనాయన, ఎప్పటి నుంచో నాకు పోటీ. సగం దాకా నేనే ముందు! గాలి చెవుల్లో హోరెత్తింది, నాకు అది కూడా వినపడింది! అప్పుడు ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. మాటియ్యలేదు నిజమే. నీకు మాటిస్తే నిలబెట్టుకోవాల్సి వస్తుందన్న భయంతోనే ఇవ్వలేదు. కానీ తగ్గాను పిట్టా. నా అంతట నేనే తగ్గాను. క్యాషియర్ నన్ను దాటిపోయాడు. ఇంకో ఇద్దరు దాటారు. నాలుగోవాడిగా గీత దాటాను. ఐదో ఆయన బూటు ఊడి మధ్యలోనే కూర్చున్నాడు కాబట్టి, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు, ఆఖరివాడిని మాత్రం కాలేదు. మీ అమ్మ ప్రేక్షకుల్లో ఉంది. ఎవరు చెప్పారో నేను అడగను, నువ్వు చెప్పకు.

నర్సుగారు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. గడియారం చూస్తూ లెక్కపెట్టింది. కాస్త ఆగి మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇంకా తగ్గడం లేదేమిటండీ? పరుగైపోయి ఇంతసేపైందిగా!"

"పరుగు వల్ల కాదేమో" అన్నాను.

ఆవిడకు అర్థమైంది. చెయ్యి మాత్రం వదల్లేదు. అప్పుడు చెప్పాను, మా మనవరాలు పొరపాటున రాసిన ఒక్క మాట వల్ల నెలరోజులుగా నాకు వేరే ఆలోచన రావడం లేదని, ఆ పొరపాటును అలాగే ఉంచేద్దామా అని. పెళ్ళికొడుకులు ఇంతకన్నా అందంగా అడుగుతారేమో, నాకు ఊపిరి అందడం లేదు మరి.

ఆవిడ "ఆలోచించుకోవాలి" అంది. అని, మైదానం చుట్టూ నడవడం మొదలుపెట్టింది. నేను గీత దగ్గర నిలబడ్డాను. అవతలి మలుపులో ఆగి చెప్పులోంచి ఇసుక దులుపుకుంది. మీ అమ్మ పక్కన ఆగి ఏదో మాట్లాడింది. గడ్డి కోసేవాడి పిల్లల క్షేమం కూడా అడిగిందనుకుంటాను. జీవితమంతా మనుషులను త్వరగా తిరగమని అరిచినవాడిని, అంత నెమ్మదిగా ఒక చుట్టు తిరిగిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. నోరెత్తి ఒక్కసారి కూడా "త్వరగా" అనలేదు.

తిరిగొచ్చి, నా ఎదురుగా నిలబడి, నాకు వినపడాలని మైదానమంతా వినపడేలా అరిచింది.

"సరే!"

వచ్చే నెల రెండో ఆదివారం. ముందు రోజే వచ్చెయ్యి. అమ్మమ్మా అనే పిలవమంది.

నీ తాతయ్య